అధిక రక్తపోటులో గుండె ముప్పును తెలిపే సూచికలు

బీపీ 150/95 ఉన్న ఇద్దరిలో ఒకరికి గుండెపోటు ముప్పు రెండోవారి కంటే చాలా ఎక్కువ ఉండవచ్చు. ఆ తేడాను బీపీ యంత్రం చెప్పలేదు. వయసు, పొగాకు, మధుమేహం, కొలెస్ట్రాల్ లెక్కలోకి తీసుకున్నాక వైద్యులు చూసే సూచికలు రెండు తరహాలవి: మూత్రపిండాల స్థితిని చెప్పేవి, శరీరంలో లోలోపల సాగే వాపును, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను చెప్పేవి. బీపీ రోగికి ఎక్కువగా పనికొచ్చేవి మొదటివే.

గుండెకూ మూత్రపిండానికీ ఉన్న లంకెను వైద్యులు గుర్తించి చాలాకాలమైంది. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ రోగి మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి సెగకు పట్టేవారు. అందులో అల్బుమిన్ అనే ప్రొటీన్ ఉంటే అది గడ్డకట్టేది. అలాంటి రోగుల్లో చాలామందికి గుండె పెద్దదై ఉండటాన్ని 1836లో ఆయన నమోదు చేశారు. చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే సాధనం రావడానికి ఇంకా 60 ఏళ్లు ఉంది.

మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి, అయినా అల్బుమిన్‌ను దాదాపు పోనివ్వవు. ఏళ్ల తరబడి ఒత్తిడి పడి వడపోత నాళాల లోపొర దెబ్బతింటే అది కొద్దికొద్దిగా జారుతుంది. మూత్రంలో గ్రాము క్రియాటినిన్‌కు (కండరాల నుంచి వచ్చే వ్యర్థం) 30 మిల్లీగ్రాముల లోపు అల్బుమిన్ ఉంటే మామూలే. 30 నుంచి 300 మధ్య ఉంటే మైక్రోఅల్బుమినూరియా. మామూలు మూత్ర పరీక్ష పట్టీకి ఈ స్థాయి తరచూ దొరకదు. అందుకే అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి పరీక్షను ప్రత్యేకంగా రాయించుకోవాలి. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెలసరి, కఠిన వ్యాయామం కూడా ఫలితాన్ని పెంచుతాయి కాబట్టి ఒక్క పరీక్షతో నిర్ధారణకు రారు.

మూత్రంలో కనబడిన ఈ లీకేజీ ఒళ్లంతా రక్తనాళాల లోపొర చెడిందనడానికి గుర్తు కావచ్చని 1989లో డెన్మార్క్ వైద్యుడు టార్‌స్టెన్ డెకర్ట్, ఆయన సహచరులు మధుమేహ రోగుల విషయంలో ప్రతిపాదించారు. బీపీతో గుండె గోడ మందమైన 9,193 మందిపై జరిగిన లైఫ్ అధ్యయనంలో చికిత్సతో అల్బుమిన్ తగ్గినవారికి గుండెపోటు, పక్షవాతం వంటివి తక్కువగా వచ్చాయి. ముప్పును ముందే చెప్పడంతోపాటు చికిత్స పనిచేస్తోందో లేదో కూడా చూపడం ఈ చవక పరీక్షకున్న గొప్ప గుణం.

రెండో కిడ్నీ సూచిక ఈజీఎఫ్ఆర్. రక్తంలోని క్రియాటినిన్, వయసు, లింగం ఆధారంగా వడపోత వేగాన్ని ఇది అంచనా వేస్తుంది. 60 కంటే తగ్గిన స్థితి మూడు నెలలకు మించి కొనసాగితే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధిగా పరిగణిస్తారు. ఉత్తర కాలిఫోర్నియాలో 11 లక్షల మందికి పైగా పెద్దలను పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఈ సంఖ్య పడిపోయేకొద్దీ గుండె జబ్బులు, మరణాలు మెట్లుమెట్లుగా పెరిగాయి. అల్బుమిన్, ఈజీఎఫ్ఆర్ పరీక్షల్లో ఒకటి మరొకదానికి బదులు కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించే కిడ్నీ వ్యాధిలో చాలామందికి మూత్రంలో అల్బుమిన్ పెద్దగా పోదు. అక్కడ అల్బుమిన్ మీదే ఆధారపడితే జబ్బు తప్పించుకుపోతుంది.

ఇన్‌ఫ్లమేషన్ సూచికల్లో ముఖ్యమైనది సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రొటీన్). న్యూమోనియా రోగుల రక్తంలో 1930లో పరిశోధకులు టిలెట్, ఫ్రాన్సిస్ దీన్ని గుర్తించారు. కాలేయం దీన్ని తయారుచేస్తుంది. సున్నితమైన పద్ధతిలో కొలిస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ముప్పు, 3 దాటితే ఎక్కువ ముప్పు. 10 దాటితే ముందు ఇన్‌ఫెక్షన్ కోసం వెతకాలి. పంటి చీము, పొగతాగడం, ఊబకాయం కూడా దీన్ని పెంచుతాయి. అసలు బీపీ లేనివారిలోనూ సీఆర్‌పీ ఎక్కువగా ఉంటే తరవాత బీపీ వచ్చే అవకాశం ఎక్కువని 2003లో అమెరికా మహిళలపై జరిగిన అధ్యయనం తెలిపింది.

అయితే సీఆర్‌పీ స్వయంగా రక్తనాళాలను పాడుచేస్తుందని జన్యు అధ్యయనాలు సమర్థించలేదు. ఇన్‌ఫ్లమేషన్ పాత్ర మాత్రం నిజమే: గుండెపోటు వచ్చినవారికి ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే కనకినుమాబ్ మందు ఇచ్చిన 2017 నాటి కాంటోస్ పరీక్షలో కొలెస్ట్రాల్ తగ్గకపోయినా ముప్పు సుమారు 15 శాతం తగ్గింది, కానీ ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. ఆచరణకు వస్తే, బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ అల్బుమిన్, ఈజీఎఫ్ఆర్ పరీక్షలు చేయాలని ఐరోపా మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెట్టాలా వద్దా అని వైద్యుడు తేల్చుకోలేని మధ్యస్థ ముప్పువారికి సీఆర్‌పీ ఉపయోగపడుతుంది.