తోలుబొమ్మల తెర, దెయ్యం సినిమా

దెయ్యం సినిమాల పనితనం గురించి రాసేవాళ్లు చాలామంది జర్మనీ నుంచి మొదలుపెడతారు. 1922 నాటి 'నొస్‌ఫెరాటు'లో గోడ మీద మెట్లెక్కే నీడ దగ్గర ఆగి దండం పెట్టుకుంటారు. కాకినాడ పక్కనున్న మాధవపట్నం ఎవరికీ గుర్తు రాదు. అక్కడి తోలుబొమ్మలాట కుటుంబాల విద్యను జానపద కళల ఖాతాలో వేసి చేతులు దులుపుకున్నాం. పాల్కురికి సోమనాథుడి కాలానికే పేరున్న ఆ ఆటను వెలుతురు విద్యగా చూస్తే, ఉత్కంఠకు కావలసిన లైటింగూ ఎడిటింగూ గోదావరి ప్రేక్షకుడికి సినిమా రాకముందే అలవాటైనవని తెలుస్తుంది.

వెలుతురు అవతలికి కనపడేంత పల్చగా గీకి, రంగులద్దిన మేకతోలు బొమ్మ. ముందు తెల్లగుడ్డ, వెనక ఆముదం దీపాలు. బొమ్మను తెరకు ఆనిస్తే నగల గాట్లు కూడా లెక్కపెట్టొచ్చు. దీపం వైపు లాగితే నీడ పెరుగుతుంది, అంచులు చెదిరిపోతాయి. దీపం రెపరెపలాడితే కదలని రాక్షసుడు కూడా ఊపిరి పీలుస్తున్నట్టే ఉంటాడు. కరెంటు బల్బు వచ్చాక ఆ ఊపిరి పోయింది. హనుమంతుడికి చిన్న బొమ్మా ఉంటుంది, పెద్ద బొమ్మా ఉంటుంది. సీత ముందు పెరిగే ఘట్టంలో ఒకటి తీసి ఇంకొకటి పెడితే మధ్యలో జరిగిన పెరుగుదలను చూసేవాడే ఊహించుకుంటాడు. ఎడిటింగ్ గదిలో రెండు షాట్లు అతికేటప్పుడు నమ్ముకునేదీ ఆ ఊహనే. ఇక శబ్దం సంగతికొస్తే, యుద్ధఘట్టంలో కాళ్లకింది చెక్కలను దబదబా తొక్కడం సరేసరి.

రామాయణం అందరికీ తెలిసిన కథే కదా, ఉత్కంఠ ఎక్కడిదని అడగవచ్చు. బల్లకింద బాంబుందని ప్రేక్షకుడికి ముందే తెలియాలన్నది హిచ్‌కాక్ సూత్రం. ఏం జరుగుతుందో తెలిసినవాడే ఎప్పుడు జరుగుతుందోనని బిగుసుకుంటాడు. పోనీ, మన సినిమావాళ్లు ఈ కళాకారుల దగ్గర శిష్యరికం చేశారా? చేశారని నేననను. చూసేవాళ్ల కంటికి దొరికిన తర్ఫీదు గురించే నా వాదన.

కెమెరా మాత్రం నిజంగా కొత్తది. బొమ్మలాటలో తెర కదలదు. రాక్షసుణ్ణి చూస్తామే గాని రాక్షసుడి కళ్లతో చూడం. కెమెరా అయితే రూపాన్ని దాచనూ గలదు. పసలపూడి వంశీ 'అన్వేషణ'(1985)లో హంతకుడి ముఖం చివరిదాకా దాచాడు. రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి'(1992) ఇంకా ముందుకెళ్లింది. ఛాయాగ్రాహకుడు తేజ కెమెరా తానే దెయ్యమై ఇల్లంతా తిరుగుతుంది, ఎదురుగా ఏ రూపమూ ఉండదు. రూపం లేకుండా భయపెట్టడం మాధవపట్నం తెరకు కుదరని పని, ఎందుకంటే అక్కడ తోలు కోస్తేనే పాత్ర పుడుతుంది.