ముందు ఆపుడు నేర్వాలె

జర దగ్గరికి జరుగు నాయినా, మంట ఇప్పుడిప్పుడే అంటుకున్నది. రేపు మిల్లుల కొత్త పిలగాండ్లకు పని చూపెట్టాలె అంటివి గద, అందుకే పాత ముచ్చట యాదికొచ్చింది.

1967 ఆగస్టుల ఇందిరమ్మ నాగార్జున సాగర్ కాల్వలకు నీళ్లిడిసింది. ఎడమ కాల్వ మన దిక్కు పారినంక మిర్యాలగూడ చుట్టూత వరి పెరిగింది, వరి ఎనుక మిల్లులొచ్చినయ్. కోదాడ, సూర్యాపేట దిక్కు గూడ గంతే. నిన్నటిదాక నాగలి పట్టినోళ్లు మోటరు కాడికొచ్చిండ్రు. ఎద్దును హో అంటే ఆగుతది, బెల్టు ఎవని మాట ఇంటది?

మేం పనిల చేరిన మిల్లుల మోటరు ఒక్కటే. పొడుగు షాఫ్టు, దానికి వరుసగ పుల్లీలు, ఒక్కో పుల్లీ నుంచి ఒక్కో మిషనుకు బెల్టు. హల్లరు, జల్లెడ, ఎలివేటరు అన్నీ ఒక్కపారే తిరిగేటియి. బెల్టు జారుతుంటే, మిల్లు నడుస్తుండంగనే జిగురు పూసేటోళ్లు. గట్లనే ఒక మిల్లుల ఒక హమాలీ మెడల రుమాలు బెల్టు కింద పడ్డది. ఆ సంగతి ఇప్పుడు చెప్ప, అన్నం తినాలె మనం.

మా మిల్లు డ్రైవరు మాత్రం మమ్ముల మొదలు మిషను ముట్టనియ్యలే. రుమాలు తీసి మొలకు కట్టుకోమన్నడు, ధోతి బిగించి గోచి పెట్టుకోమన్నడు, చేతి కడెం తీపిచ్చిండు. అటెన్క కండ్లు మూసుకోని హల్లరు కాడికెల్లి మెయిన్ స్విచ్చి దాక నడువుమన్నడు. తౌడు దుమ్ము లేస్తే కండ్లు కనపడయి, గప్పుడు గుడ్డిగనన్న స్విచ్చి దొరకాలె అనేటోడు. మిషన్ల చెయ్యి పెట్టాలంటే స్విచ్చి ఒక్కటి దించితే సాలదు, ఫ్యూజు తీసి జేబుల ఏసుకోవాలె. మతిల లేక ఇంకొకడు స్విచ్చి ఏసినా మోటరు లేవదు. గిప్పుడు మీరు తాళం ఏస్తున్నరే, గదే ఇది. తాళం చెవి మాత్రం లోపట చెయ్యి పెట్టెటోని కాడనే ఉండాలె, మేస్త్రి కాడ గాదు.

ఉప్పుడు బియ్యం మిల్లులొచ్చినంక బాయిలరొచ్చింది. నేర్పకుంటే మనిషి బుద్ధి ఉల్టా పోయేది గాడ్నే. గేజీ అద్దంల నీళ్లు కనపడకపోతే ఎవడైన ఏం చేస్తడు? ఉరికి పంపు ఏస్తడు. వద్దు! కాలి ఎర్రగైన ఇనుము మీద సల్లటి నీళ్లు పడితే ఒక్కపారే ఆవిరై బాయిలరు పేలుతది. ముందుగాల ఊక పోసుడు ఆపాలె, మంట తియ్యాలె. అందుకే బాయిలరు కాడ పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్నోడు నిలబడాలని కాయిదా పెట్టిండ్రు. ఊక బూడిద కుప్ప గూడ గంతే, పైన సల్లగ కనపడుతది, లోపట నిప్పులుంటయ్. చెప్పుల కాళ్లతోని ఎవ్వల్ని తొక్కనియ్యకు.

1948ల అచ్చిన ఫ్యాక్టరీల చట్టం గూడ గిదే చెప్పింది. తిరుగుతున్న మిషను కాడికి పని నేర్చిన మొగమనిషే పోవాలె, ఒంటికి పట్టుండే బట్టలు యజమానే ఇయ్యాలె, వాని పేరు రిజిస్టర్ల ఎక్కాలె అని ఉండె. భోపాల్ల ఫ్యాక్టరీ గ్యాసుకు అంత మంది సచ్చినంక, 1987ల, పని నేర్పమని అడిగే హక్కు పనోనికే ఇచ్చిండ్రు. ఆ హక్కున్నదని మాకెవ్వలు చెప్పలే బిడ్డా. గది నాకు ఇప్పటికీ మనసుల గుచ్చుతనే ఉన్నది.

ఇప్పుడు మన మిల్లులల్ల బస్తాలు మోసేది బిహారు పిలగాండ్లు. 2020 మే నెలల, కరోనా లాక్‌డౌన్ల, వలస పనోళ్లంత ఇండ్లకు పోతుంటే, బిహారుల ఖగడియా నుంచి హైదరాబాదు కాడి లింగంపల్లికి మిల్లు పనోళ్లు రైలెక్కి ఎదురొచ్చిండ్రు. గంత అవుసరముండె వాళ్లతోని. గోడ మీద నువ్వు తెలుగుల రాపిచ్చిన బోర్డు వాళ్లు సదువుతరా చెప్పు? హిందీల చెప్పు, చెప్పినంక వాళ్లతోనే చేపియ్యి. రిజిస్టర్ల సంతకం తర్వాత. ఎలివేటర్ల వడ్లు ఇరుకుతే ఏం చేస్తవని ఒక్కొక్కన్ని అడుగు. చెయ్యి పెట్టి తీస్త అన్నోన్ని ఆ దినం మిషను దిక్కు పోనియ్యకు, మల్ల నేర్పు. సేటు ఏమన్న అంటే, మా తాతను అడుగుమను.