నూనె ముక్కిపోతే జరిగేదేమిటి?

పాత నూనెకైనా, నిలవున్న వెన్నకైనా మన ఇళ్లలో ‘ముక్కిపోయింది’ అనే ఒక్క మాటే సరిపోతుంది. అందులో రెండు వేర్వేరు చెడుపులున్నాయని రసాయన శాస్త్రం తేల్చుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

మొదటిది నీటి పని. వెన్నలో దాదాపు ఆరోవంతు నీరే. ఆ తడిలో కొవ్వు విడిపోయి ఆమ్లాలు బయటపడతాయి. చెడిన వెన్నకు ఆ ఘాటైన కంపు తెచ్చే బ్యుటిరిక్ ఆమ్లాన్ని ఫ్రాన్స్‌లో రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ వేరుచేశాడు. కొవ్వులపై ఆయన గ్రంథం 1823లో వచ్చింది. వెన్న కాచి నీరు పోగొట్టే మన ఇల్లాళ్లకు ఈ సంగతి అంతకు ఎంతో ముందే అనుభవంలో ఉంది.

రెండోది గాలి పని, అసలు కథంతా ఇక్కడే ఉంది. 1820లో దె సోస్యూర్ అనే శాస్త్రవేత్త నీటిమీద వాల్‌నట్ నూనె పొర పరిచి, అది ఎంత ఆక్సిజన్ పీలుస్తుందో కొలిచాడు. ఎనిమిది నెలల్లో తన పరిమాణానికి మూడు రెట్లే పీల్చింది. తర్వాతి పది రోజుల్లో ఏకంగా అరవై రెట్లు! నెలల తరబడి బాగున్న నూనె ఉన్నట్టుండి చెడడం అందుకే. పాత నూనె అడుగున ఉండగానే కొత్తది పోయకూడదనడానికీ కారణం ఇదే: చెడిన అణువులు మంచివాటినీ తమ దారిలోకి లాగుతాయి.

ఒక అణువు మరోదాన్ని చెడగొట్టుకుంటూ పోయే ఈ గొలుసును తెంచే ఉపాయం వంటింట్లో కాదు, యుద్ధంలో దొరికింది. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుగా వాడాలనుకున్న ఆక్రొలీన్ గాలి తగిలి, నిలవ ఉండక గడ్డకడుతుంటే, ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు మూరో, డ్యుఫ్రెస్ అందులో చిటికెడు హైడ్రోక్వినోన్ కలిపి ఆపగలిగారు. 1922 నాటికి వాళ్ల పరిశోధన, ఆక్సిజన్ దాడిని అడ్డుకునే యాంటీఆక్సిడెంట్ల శాస్త్రంగా రూపుకట్టింది. గొలుసు నడిచే తీరును 1940లలో వివరించిన ఫార్మర్ బృందమూ నూనెల కోసం బయలుదేరింది కాదు. వాళ్లది బ్రిటిష్ రబ్బరు పరిశోధన.

పరిశ్రమ అప్పటికే వేరే దారి పట్టింది. ఆక్సిజన్ దాడిచేసేది అణువులోని జంటబంధాల దగ్గర కనుక, హైడ్రోజన్ ఎక్కించి వాటిని తగ్గిస్తే కొవ్వు ఎక్కువకాలం నిలుస్తుంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త నార్మన్ 1902లో పొందిన పేటెంటు ఇలా నూనెను గట్టిపరిచే పద్ధతికే. మన డాల్డా ఆ సంతతే. అయితే సగంలో ఆపిన హైడ్రోజనీకరణ ట్రాన్స్ కొవ్వులను మిగిల్చింది. ముక్కు పసిగట్టే చెడుపును తప్పించబోయి, వాసనే లేని చెడుపును తెచ్చుకున్నాం. నూనెలు, వనస్పతిలో వాటిని 2 శాతానికి మించనివ్వని నిబంధన మన దేశంలో 2022 జనవరిలో గానీ అమలుకు రాలేదు.