సెకండ్ గేరు జారిపోయే జీపు

మాడుగుల వెళ్ళొచ్చానంటే ఆఫీసులో అందరూ హల్వా ఏదీ అని చెయ్యి చాపుతారు. తెచ్చాను, అయిపోయింది కూడా. ఈ టపా మాత్రం జీపు గేర్‌బాక్సుల గురించి.

మాడుగుల దాటితే పాడేరు ఘాటీ. (అప్పట్లో విశాఖ జిల్లా, 2022 నుంచి మాడుగుల అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది.) నా చిన్నప్పుడు సర్వీసు జీపులు ఘాటీ దిగుతుంటే క్లీనరు గేరు రాడ్డుని గట్టిగా పట్టుకుని కూర్చునేవాడు. కొన్నిటికి సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేసేవారు. అదో స్టైలనుకునేవాణ్ణి! అసలు సంగతి చాలా ఏళ్ళ తర్వాత షెడ్డు మేస్త్రి చెప్తే తెలిసింది.

కొంచెం వెనక్కి వెళ్దాం. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ఆరు లక్షలకి పైగా జీపులు చేసింది. వాటిలో ఉన్నది వార్నర్ కంపెనీ టీ-84 గేర్‌బాక్సు. యుద్ధం అయ్యాక, 1945 నుంచి వచ్చిన సివిల్ జీపులకి ఇంకాస్త గట్టిదైన టీ-90 పెట్టారు. మహీంద్రావాళ్ళు 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. 1953లో వచ్చిన సీజే-3బీ మోడల్‌ని అయితే అమెరికావాళ్ళు మానేశాక కూడా మనవాళ్ళు ఏళ్ళ తరబడి చేశారు. దానిలో ఉన్నదీ టీ-90నే.

మూడే గేర్లు. సెకండ్‌కీ, టాప్‌కీ సింక్రో ఉంది, ఫస్టుకి లేదు. అక్కడే ఉంది ప్రాణం మీదకొచ్చే సంగతి. సెకండ్‌లో దిగుతుంటే బండిని పట్టి ఉంచేది ఇంజనే. పళ్ళు అరిగిన సెకండ్ జారి న్యూట్రల్‌లో పడిందా, బండి ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. ఆ వేగంలో ఫస్టు పడదు. మిగిలేవి వేడెక్కిపోయిన డ్రమ్ము బ్రేకులు.

"ట్యూబు కడితే గేరు నిలబడతాది బాబూ, అరిగిన పళ్ళు మొలుస్తాయేటి?" అన్నారు మేస్త్రి.

లోపల గేరుని పట్టి ఉంచే చిన్న బాల్, స్ప్రింగు ఉంటాయి. స్ప్రింగు నీరసపడితే కొత్తది వేస్తే చాలు, అది సరైన రిపేరే. పళ్ళు అరిగినప్పుడు ఆ స్ప్రింగు కింద వాషరు పెట్టి బిగించడం మాత్రం మోసం. నాలుగు రోజులు నిలబడి, ఐదో రోజు జారుతుంది. ఎర్రర్ మెసేజ్ కనపడకుండా చేసి బగ్ పోయిందనడం లాంటిది (ఆ పని నేనూ చేశాను, ఒప్పుకుంటున్నాను).

అన్ని షార్ట్‌కట్లూ అలాంటివి కావు. కింద ఉండే క్లస్టర్ గేరు లోపల సన్నటి నీడిల్ రోలర్లుంటాయి. వాటిని గ్రీజుతో అంటించినా, షాఫ్టు దూర్చేసరికి రాలిపోతాయి. దానికి మేస్త్రి దగ్గర 'దొంగ షాఫ్టు' ఉంది. అసలు షాఫ్టంత లావు, కానీ పెట్టె లోపల పట్టేటంత పొట్టి. రోలర్లని దాని చుట్టూ పేర్చి, గేరుని పెట్టె అడుగున పడుకోబెడతారు. పైన మెయిన్ షాఫ్టు బిగించాక గేరుని లేపి అసలు షాఫ్టు తోస్తే, దొంగది అవతలి వైపు నుంచి బయటికొచ్చేస్తుంది. ఒక్క రోలరూ రాలదు. నేను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ నోరు తెరిచే చూశాను.

పాత జీపు కొనాలని సరదా ఉన్నవాళ్ళు ముందు గేర్‌బాక్సు ఆయిల్ దింపించి చూడండి. మోత వినపడకుండా రంపంపొట్టు, అరటితొక్కలు వేసి అమ్మేవాళ్ళుంటారు. తర్వాత బండి తక్కువున్న చిన్న దిగుడు చూసుకుని, సెకండ్‌లో వేసి యాక్సిలేటర్ వదలండి. కాలు బ్రేకు మీద సిద్ధంగా ఉండాలి, చెయ్యి మాత్రం రాడ్డు మీద వెయ్యొద్దు. మీ పక్కన కూర్చున్న బ్రోకర్ని కూడా వెయ్యనివ్వొద్దు.