పక్షవాతము - విద్యుత్తు - యంత్రహస్తము



1940 ప్రాంతమున హైదరాబాదు పురావస్తుశాఖవారు కొండాపూరు దిబ్బలను త్రవ్వించినపుడు శాతవాహనకాలపు నాణెములును, పూసలును, మెత్తని తెల్లమట్టితో జేసిన బొమ్మలును బయల్పడినవి. వానిని జూచినవారికి మానవహస్తముయొక్క నేర్పు తెలియగలదు. అట్టి నేర్పుగల చేయి నిమిషములో చచ్చుపడునట్లు చేయు వ్యాధి పక్షవాతము.

ఈ వ్యాధి పూర్వుల కెరుగరానిది కాదు. చరకసంహితయందలి వాతవ్యాధి చికిత్సాధ్యాయమున దీనికి స్వేదనమును, స్నేహయుక్తమైన విరేచనమును విధింపబడినవి. అయితే మెదడులో రక్తము స్రవించుటయు నిందుకు కారణమగునని 1658లో వెప్ఫరను స్విట్జర్లండు వైద్యుడు శవపరీక్షలవలన నిరూపించెను.

1791లో గాల్వానీ కప్పకాలు విద్యుత్తుచే కదలుటను ప్రకటించెను. 1870లో ఫ్రిట్ష్, హిట్సిగ్ అను జర్మనీ వైద్యులు కుక్కమెదడున నొకప్రక్క విద్యుత్తు తగిలించగా రెండవప్రక్క కాలు కదలెను. 1985లో ఇంగ్లండునందలి షెఫీల్డులో బార్కరు తలపుఱ్ఱె తెరువకయే, అయస్కాంతశక్తిచే మనుష్యుని చేతిని కదలించెను. 2000లో నిట్షె, పౌలస్ అనువారు తలపై ప్రసరింపజేసిన మిక్కిలి స్వల్పమైన విద్యుత్తుకూడ మెదడుయొక్క చురుకును హెచ్చింపను తగ్గింపను గలదని చూపిరి.

ఇక యంత్రహస్తము మాట. కర్మాగారమున పనిచేయు యంత్రహస్తము 1961లో అమెరికాలో వాడుకకు వచ్చెను. పటాన్‌చెరు కర్మాగారములలో పనిచేయువా రెరుగుదురు: యంత్రము అడ్డువచ్చిన చేతిని గమనింపదు. రోగిచేతిని పట్టుకొను యంత్రమన్ననో, చేయి నెట్టిన లొంగవలెను, చేయి నిలిచిన సాయపడవలెను. అట్టిదానిని 1989 మొదలుకొని అమెరికాలో హోగన్, క్రెబ్స్ అను ఇంజనీర్లు నిర్మించిరి. అది అలయక ఒకే కదలికను వందలమార్లు చేయించును.

విద్యుత్తుతో మెదడును దున్ని, యంత్రముతో అభ్యాసమను విత్తనము చల్లిన పంట రెట్టింపు కాదా యని పలువురు తలచిరి. తలంపు యుక్తమే; పరీక్ష వేరు చెప్పెను. 2011లో 96 మంది రోగులకును, 2019లో అమెరికాలో 82 మందికిని రెండును కలిపి చేసిరి. రోగులు కొంత కోలుకొనిరి. కాని ఉత్తుత్తి విద్యుత్తు పెట్టబడినవారును అంతే కోలుకొనిరి. 2019లోనే బ్రిటనులో 770 మందిపై జరిగిన పరీక్షలో, యంత్రాభ్యాసముచే చేతిపని సాధారణచికిత్సకంటె మెరుగు కాలేదు.

ఇందుచే శాస్త్రము ఓడినదని తలపరాదు. మేలుచేసినది అభ్యాసమేయని దీనివలన స్ఫురించుచున్నది. ఇది పేదయింటను సాధ్యము. వైద్యుడు చెప్పినరీతిని, చెంబు పట్టుట, తలుపుగడియ తీయుట, బట్ట మడచుట ప్రతిదినము విసుగులేక చేయింపవలెను. అందుకై పొలమమ్మి దూరదేశపు యంత్రమును వెదుకనక్కరలేదు. పావురపు రక్తము పూయుటవలన ఫలమును లేదు.

అన్నింటికంటె ముఖ్యమైనది కాలము. నాళమున గడ్డకట్టిన రక్తమును కరిగించు మందు 3 గంటలలోపల మేలుచేయునని 1995లోను, తగినవారికి 4½ గంటలవరకు నిచ్చుట ఉపయోగకరమని 2008లోను తేలినది. మూతి వంకరపోయినను, చేయి వ్రాలినను, మాట తడబడినను, తెల్లవారనిండని యెవ్వరన్నను వినక, తక్షణమే 108కి ఫోను చేయుడు. ఏ యంత్రమును పోయిన గంటలను తిరిగి తేజాలదు.