లోపలి నుంచి చల్లబడే రోటర్లు: పొడి స్క్రూ పంపుల చరిత్ర

పొడి స్క్రూ వాక్యూమ్ పంపులో రెండు మర రోటర్లు ఒకదాని గాడిలో మరొకటి ఇముడుతూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. అవి ఒకదానికొకటి గాని, చుట్టూ ఉన్న కేసింగుకు గాని తగలవు. వాటి మధ్య ఖాళీ మిల్లీమీటరులో పదో వంతుల్లో ఉంటుంది. వాయువు నడిచే దారిలో నూనె చుక్క కూడా ఉండదు కాబట్టే దీనికి పొడి పంపు అని పేరు. నూనె లేకపోవడం ఈ యంత్రానికి పెద్ద సుగుణం. దాని పెద్ద చిక్కు కూడా అక్కడే పుట్టింది. వాయువును నొక్కినప్పుడు పుట్టే వేడిని మోసుకుపోయే ద్రవం లోపల లేదు. రోటర్లను లోపలి నుంచి చల్లార్చే పద్ధతి ఈ చిక్కుకు జవాబుగా వచ్చింది.

వాక్యూమ్ పంపుల చరిత్రలో కొన్ని ముఖ్య ఘట్టాలు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, మిడిల్‌సెక్స్ కౌంటీలో జరిగాయి. ఈ కథలో తరచుగా వచ్చే పిస్కాటవే టౌన్‌షిప్ ఈ కౌంటీలోనే, రారిటన్ నది ఒడ్డున ఉంది. పక్కనున్న ఎడిసన్ టౌన్‌షిప్‌లోని మెన్లో పార్కులో 1879లో థామస్ ఎడిసన్ బృందం విద్యుద్దీపాన్ని వెలిగించింది. గాజు బుడ్డీలోంచి గాలిని దాదాపు పూర్తిగా తీసేయకపోతే లోపలి కర్బన తంతువు క్షణాల్లో కాలిపోతుంది. అందుకు వారు వాడినవి పాదరసపు పంపులు. వాటిలో ముఖ్యమైనది 1865లో హెర్మన్ స్ప్రెంగెల్ రూపొందించినది. సన్నని గొట్టంలో జారే పాదరసం చుక్కలు మధ్యలో గాలిని బంధించి కిందికి లాక్కుపోయేవి. చాలా నెమ్మదిగా నడిచే పని కాబట్టి వేడి సమస్య లేదు.

1890లలో ఇంగ్లండులో హెన్రీ ఫ్లూస్ పాదరసం బదులు నూనెతో పనిచేసే పంపును తెచ్చాడు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ గేడె, కొలోన్ నగరపు లైబోల్డ్ సంస్థతో కలిసి తిరిగే పంపులను రూపొందించాడు. అప్పటి నుంచి సుమారు ఏడు దశాబ్దాల పాటు చాలాచోట్ల వాక్యూమ్ పంపు అంటే నూనె పంపే. నూనె ఒక్కటే మూడు పనులు చేసేది: సందులను మూసేది, రాపిడిని తగ్గించేది, వేడిని మోసుకుపోయేది.  మూడోది ఎంత ముఖ్యమో నూనెను తీసేశాక ఇంకా స్పష్టమైంది.

పిస్కాటవేకు వాక్యూమ్‌తో సంబంధం రసాయన పరిశ్రమ ద్వారా ఏర్పడింది. లియో బేక్‌లాండ్ 1910లో స్థాపించిన జనరల్ బేకలైట్ కంపెనీ ఇదే కౌంటీలోని పెర్త్ ఆంబాయ్‌లో మొదలైంది. 1930ల ఆరంభంలో బేకలైట్ కార్పొరేషన్ పిస్కాటవే రివర్ రోడ్డు మీద పెద్ద కర్మాగారం కట్టింది. పక్క ఊరి పేరుతో దాన్ని బౌండ్ బ్రూక్ ప్లాంటు అనేవారు. 1939లో ఆ సంస్థ యూనియన్ కార్బైడ్ చేతికి వచ్చింది. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిసి రెజిన్‌గా మారేటప్పుడు నీరు పుడుతుంది. రెజిన్ ముందే గట్టిపడిపోకుండా ఆ నీటిని తక్కువ ఉష్ణోగ్రతలో తీయాలంటే రెజిన్ వండే పాత్ర అయిన కెటిల్‌లో వాక్యూమ్ కావాలి. ఇలాంటి చోట నూనె పంపు నిలవదు. నీటి ఆవిరి, సాల్వెంటు ఆవిర్లు నూనెలో కలిసి దాన్ని పాడుచేస్తాయి. అందుకే రసాయన కర్మాగారాలు స్టీమ్ ఎజెక్టర్ల మీద, వాటర్ రింగ్ పంపుల మీద ఆధారపడ్డాయి.

వాటర్ రింగ్ పంపులో నీరే సందులను మూస్తుంది, నీరే వాయువును చల్లారుస్తుంది. కానీ ఆ నీరు ఆవిరయ్యే పీడనానికి దిగువన వాక్యూమ్ రాదు. 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ హద్దు సుమారు 56 మిల్లీబార్లు. పైగా లాగిన సాల్వెంటులో కొంత ఆ నీటిలోనే కలిసి మురుగుగా బయటికి పోతుంది.

మర రోటర్ల ఆలోచన వేరే దారిలో వచ్చింది. 1878లో జర్మనీలో హైన్రిక్ క్రిగార్ రెండు మరల యంత్రానికి పేటెంటు పొందాడు. ఆనాటి పనిముట్లతో అంత ఖచ్చితమైన గాడులు చెక్కడం కుదరలేదు. 1930లలో స్వీడన్ ఇంజినీరు ఆల్ఫ్ లిషోల్మ్ దాన్ని పనికొచ్చే కంప్రెసరుగా మలిచాడు. రెండు రోటర్లను టైమింగ్ గేర్లు జోడించి తిప్పుతాయి కాబట్టి అవి ఒకదాన్నొకటి తాకవు, వాటి మధ్య నూనె అక్కర్లేదు. తర్వాత వాయువులోకే నూనె చిమ్మే స్క్రూ కంప్రెసర్లు బాగా వ్యాపించాయి. వాటిలో నూనె వేడిని అక్కడికక్కడే పీల్చుకుంటుంది.

స్క్రూ యంత్రాలు చేసే రెండు పెద్ద సంస్థల పేర్లు పిస్కాటవేతో ముడిపడ్డాయి. చిల్లర్ల (నీటిని చల్లార్చే యంత్రాల) తయారీదారు ట్రేన్‌ను 1984లో కొన్న అమెరికన్ స్టాండర్డ్ సంస్థ ప్రధాన కార్యాలయం పిస్కాటవే సెంటెనియల్ అవెన్యూలో ఉండేది. 2007లో ఆ సంస్థ ట్రేన్ పేరు పెట్టుకుంది. 2008లో దాన్ని కంప్రెసర్ల సంస్థ ఇంగర్‌సాల్ రాండ్ కొన్నది. 2020లో ఇంగర్‌సాల్ రాండ్ పారిశ్రామిక విభాగం గార్డనర్ డెన్వర్‌తో కలిసింది. గార్డనర్ డెన్వర్ అప్పటికే నాష్, ఎల్మో, రీచ్‌లే వంటి వాక్యూమ్ పంపుల సంస్థలను సొంతం చేసుకుని ఉంది.

పొడి వాక్యూమ్ పంపులు మార్కెట్లో విస్తరించింది 1980లలో. సెమీకండక్టర్ పరిశ్రమ వాటిని ముందుగా కోరుకుంది. చిప్పుల తయారీలో వాడే క్లోరిన్ వంటి వాయువులు పంపు నూనెను పాడుచేస్తాయి. నూనె ఆవిరి వెనక్కి పాకితే సిలికాన్ వేఫర్ పాడవుతుంది. బ్రిటన్‌లో ఎడ్వర్డ్స్, జపాన్‌లో మరికొన్ని సంస్థలు పొడి పంపులు తెచ్చాయి. రసాయన, ఔషధ పరిశ్రమల్లో స్క్రూ రకం నిలదొక్కుకుంది. వాయువు మరల వెంట నేరుగా సాగిపోతుంది, మధ్యలో ధూళి గాని ద్రవం గాని చిక్కుకునే మలుపులు తక్కువ.

సైకిల్ పంపు కొడితే దాని అడుగు వేడెక్కడం అందరికీ తెలిసిందే. 20 డిగ్రీల గాలిని వేడి బయటికి పోనీయకుండా పది రెట్ల పీడనానికి నొక్కితే లెక్క ప్రకారం 290 డిగ్రీలు దాటుతుంది. స్క్రూ పంపులో ఈ వేడి ఎక్కువగా వాయువు బయటికి పోయే కొస దగ్గర పుడుతుంది. కేసింగు చుట్టూ నీటి జాకెట్టు వేస్తే కేసింగు చల్లబడుతుంది. రోటరుకు మాత్రం ఆ చల్లదనం చేరదు. రోటరు కేసింగును తాకదు, మధ్యలో ఉన్న పలుచని వాయువు వేడిని సరిగా మోయదు. దాని వేడి షాఫ్టు గుండా బేరింగుల వైపే పోవాలి.

ఫలితంగా రోటరు వ్యాకోచిస్తుంది, చల్లని కేసింగు ఉన్నచోటే ఉంటుంది. 200 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు రోటరు కేసింగు కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, ఒక్కో వైపు సుమారు 0.12 మిల్లీమీటరు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు వదిలిన ఖాళీని ఈ పెరుగుదలే మింగేస్తుంది. అంతకు మించితే రోటరు పట్టేసి పంపు ఆగిపోతుంది. ముందే ఖాళీ ఎక్కువ వదిలితే వాయువు వెనక్కి కారి వాక్యూమ్ తగ్గుతుంది. అందువల్ల పొడి పంపు ఎంత లోతైన వాక్యూమ్ ఇవ్వగలదన్నది రోటరును ఎంత చల్లగా ఉంచగలమన్న దాని మీద ఆధారపడింది.

దీనికి ఇంజినీర్లు మూడు దారులు పట్టారు. మొదటిది, బయటికి పోయే వైపు చల్లని నైట్రోజన్ గాని, చల్లార్చిన వాయువును గాని లోపలికి వదలడం. రెండోది, మర గాడుల అంతరాన్ని క్రమంగా తగ్గిస్తూ పోవడం. దీనివల్ల నొక్కే పని ఒక్క కొసనే జరగకుండా రోటరు పొడవునా సర్దుకుంటుంది, విద్యుత్తు కూడా తగ్గుతుంది. మూడోది, రోటరునే లోపల బోలుగా తొలిచి అందులో నూనె వంటి చల్లార్చే ద్రవాన్ని తిప్పడం.

ఈ మూడో పద్ధతి పొడి స్క్రూ కంప్రెసర్లలో ముందే ఉంది. వాక్యూమ్ పంపుల్లో దీన్ని వాడినవాటిలో లైబోల్డ్ వారి స్క్రూలైన్ శ్రేణి పేరుపొందింది. ఇందులో రోటర్లు గేరు వైపు మాత్రమే బేరింగుల మీద నిలుస్తాయి, రెండో కొస ఆధారం లేకుండా ఉంటుంది. గేరు పెట్టెలోని నూనె రోటరు లోపలి రంధ్రంలోకి వెళ్లి, వేడి తీసుకుని తిరిగొచ్చి, బయట చల్లబడి మళ్లీ లోపలికి వెళ్తుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే రోటరులో, అక్షానికి 20 మిల్లీమీటర్ల దూరాన ఉన్న నూనె మీద గురుత్వానికి సుమారు 800 రెట్ల బలం పడుతుంది. ఆ బలంతో నూనె రంధ్రపు గోడకు పలుచని పొరగా అతుక్కుని వేడిని త్వరగా లాగుతుంది. ఇంత చేసినా ఆ నూనె వాయువును కలవదు. షాఫ్టు సీళ్లు రెంటినీ వేరుచేస్తాయి. సీలు చెడితే మాత్రం పొడి పంపు ఇక పొడి పంపు కాదు. తిరిగే భాగంలోకి ద్రవాన్ని పంపి వెనక్కి తేవాలి కాబట్టి తయారీ ఖర్చూ పెరుగుతుంది.

రోటరు ఉష్ణోగ్రతకు భద్రత కోణం కూడా ఉంది. సాల్వెంటు ఆవిర్లున్న చోట వాడే పరికరాలకు ఐరోపా నియమాలు ఉష్ణోగ్రత తరగతులు పెట్టాయి. టీ3 తరగతికి హద్దు 200 డిగ్రీలు, టీ4కు 135 డిగ్రీలు. రోటరు చల్లగా ఉంటే కఠినమైన తరగతిని అందుకోవడం తేలిక. అలాగని మరీ చల్లార్చినా నష్టమే. ఆవిరి లోపలే ద్రవమై లోహాన్ని తినేస్తుంది. మరీ వేడైతే కొన్ని రసాయనాలు గడ్డకట్టి రోటరు మీద పేరుకుంటాయి. ఈ రెండు హద్దుల మధ్య యంత్రాన్ని నిలకడగా నడపడమే చల్లార్చే ఏర్పాటు పని.

హైదరాబాదు చుట్టుపక్కల బల్క్ డ్రగ్ పరిశ్రమకు వాక్యూమ్ పంపుల సమస్య రోజువారీ విషయం. 1960లలో ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్‌తో మొదలైన ఆ పరిశ్రమలో రియాక్టర్ల నుంచి సాల్వెంటును లాగడానికీ, మందు పొడిని ఆరబెట్టడానికీ వాక్యూమ్ తప్పనిసరి. వేసవిలో నీరు వేడెక్కినప్పుడు వాటర్ రింగ్ పంపుల వాక్యూమ్ పడిపోతుంది. పటాన్‌చెరు ప్రాంతపు కాలుష్య అనుభవం తర్వాత సాల్వెంటు కలిసిన నీటిని బయటికి వదలడమూ కష్టమైంది. పొడి స్క్రూ పంపు 0.1 మిల్లీబారు కంటే దిగువకు వెళ్లగలదు, లాగిన సాల్వెంటును నీటిలో కలపకుండా కండెన్సరుకు చేరుస్తుంది.

హైదరాబాదుకు చెందిన హెటెరో సంస్థ అమెరికా విభాగం కాంబర్ ఫార్మాస్యూటికల్స్ చిరునామా పిస్కాటవే. జడ్చర్ల దగ్గరి పోలేపల్లిలో తయారైన మాత్రల సీసాల మీద ఆ ఊరి పేరు కనిపిస్తుంది. ఒకప్పుడు రెజిన్ కెటిళ్లకు వాక్యూమ్ పెట్టిన ఊరు ఇప్పుడు తెలుగు నేల మందులకు అమెరికాలో ఒక గుమ్మమైంది. ఆ మందుల పరిశ్రమకు కావలసిన వాక్యూమ్‌ను నూనె, నీరు కలవకుండా ఇవ్వగలిగేది పొడి స్క్రూ పంపు. ఆ పంపు ఎంతకాలం నమ్మకంగా నడుస్తుందో తేల్చేవాటిలో రోటరు ఉష్ణోగ్రత ముఖ్యమైనది. కొనేవారు పంపు సామర్థ్యంతో పాటు దాని రోటరు ఎలా చల్లబడుతుందో అడిగి తెలుసుకోవడం అవసరం.