ముద్దేనహళ్లి సంకల్పము – మన పెరటిలోని పాత కారు

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు వినగనే కోలారు సీమలోని తెలుగు కుటుంబములవారికి ఆనకట్టలు, కాలువలు స్మృతికి వచ్చును. కాని మన వాకిట నిలిచిన పాత మోటారుకారుతోడను ఆ మహనీయునకు సంబంధము కలదని యెరిగినవారు కొలదిమందియే.

వారి పూర్వులు నేటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం గ్రామమునుండి వలస వచ్చిన తెలుగువారు. వారు 1861లో జన్మించిన ముద్దేనహళ్లి అప్పుడు కోలారు జిల్లాలోనిది. 2007 నుండి చిక్కబళ్లాపురం జిల్లాలో చేరినది. 1912 మొదలు 1918 వరకు మైసూరు దివానుగా నుండిన ఆయన, 1930వ దశకములో స్వదేశమున కార్లు నిర్మించు కర్మాగారమునకు ప్రణాళిక రచించిరి. నాటి బ్రిటిష్ ప్రభుత్వ సహకారము లభింపలేదు. అయినను ఆ యత్నమున పాలుపంచుకొనిన వాల్‌చంద్ హీరాచంద్ 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ 1964 నుండి తయారుచేసిన ఫియట్ కారే 1974లో ‘ప్రీమియర్ పద్మిని’ అను పేరు దాల్చినది.

పద్మిని నిర్మాణము నిలిచిపోయి రెండు దశాబ్దములు దాటినది. క్రొత్త విడిభాగములు దుర్లభములు. కావున ఇంట ఆ కారును నిలుపుకొనగోరువారు దాని శరీరధర్మమును ముందుగా గ్రహింపవలెను. లారీకి వలె దీనికి క్రింద వేరు చట్రము లేదు. రేకుతొడుగే దాని యెముకలగూడు. తలుపు క్రింది గడప త్రుప్పుపట్టినదని దానిని ఒక్కమారుగా కోసివేసినచో, నడిమి గుంజ తీసిన పందిరివలె బండి క్రుంగును. ద్వారమునకు అడ్డముగా ఇనుపకడ్డీ అతికించి, బండిని సమతలమున నిలిపిన పిదపనే కోయవలెను. క్రొత్త రేకును ఏకధారగా వెల్డింగు చేసినచో వేడికి వంకరపోవును. దూరదూరముగా చుక్కలు పెట్టి, చల్లారనిచ్చుచు అతుకవలెను.

బిగించుటకును ఒక వరుస కలదు. తొలుత తలుపులు, పిమ్మట మడ్‌గార్డులు, తుదకు బానెట్టు. సందులన్నియు సమముగా కుదురువరకు బోల్టులను వదులుగానే యుంచవలెను. అవసరమైనచోట పలుచని వాషర్లు వేయవలెను.

మద్రాసు–బెంగుళూరు రహదారి ప్రక్కనున్న తమకలో, మా పెరటియందు ఈ వరుస తప్పి మేము నష్టపోయితిమి. వేరొక పాత బండినుండి తెచ్చిన మడ్‌గార్డునకు ముందే రంగు వేయించి, పిదప బిగించితిమి. తలుపు తెరచినప్పుడెల్ల దాని అంచు తగిలి రంగు లేచిపోయెను. మరల విప్పి, అంచును సుత్తితో మెల్లగా సరిచేసి, రంగు లేకుండ కూర్చి చూచి, కుదిరిన తరువాత రెడ్ ఆక్సైడు పూసి, లప్పము పెట్టి, క్రొత్తగా రంగు వేయవలసి వచ్చెను. పని రెట్టింపైనది, తప్పు మాదే.

ఇంత శ్రమ యేల యని అడుగువారు కలరు. మన జిల్లావారికి త్రుప్పు అనగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేపట్టిన బంగారు గనులు 2001లో మూతపడగా, మహాయంత్రములు ఎండకు వానకు శిథిలమగుటను మనము కన్నులార చూచితిమి. వానిని కాపాడుట మన చేతిలో లేకపోయెను. పెరటిలోని కారు మన చేతిలోనిదే. దానిని బాగుచేయునపుడు పిల్లలను ప్రక్క నిలుపుకొని, సుత్తి పట్టు విధముతోపాటు ముద్దేనహళ్లి పేరును వారికి తెలుపుదము.